పాటలో బూతు వస్తే తీసేయాలా?

మీ అమ్మమ్మగారు పాడిన పెళ్ళి పాటలు, నాట్ల పాటలు ఫోన్‌లో రికార్డ్ చేశారు. తీరా వింటే కొన్నింట్లో పచ్చి బూతులున్నాయి. యూట్యూబ్‌లో పెట్టేముందు వాటిని కత్తిరించాలా, లేకపోతే ఆవిడ చేతే మాట మార్చి మళ్ళీ పాడించాలా అన్నది మీ మొదటి ప్రశ్న. రోజూ దీపం పెట్టందే మంచినీళ్ళు ముట్టని మనిషి నోట ఈ మాటలెలా వచ్చాయి అన్నది రెండోది. మీ పోస్టు కింద ఇద్దరు ముగ్గురు "ఇవి అసలు జానపదాలే కావు, ఈమధ్య ఎవరో కలిపినవి" అని తేల్చేశారు కూడా.

ముందు సమాధానం చెప్పేసి తర్వాత వివరంలోకి వెళ్తాను. రికార్డింగ్‌లో ఒక్క మాట కూడా తీయకండి, మార్చి పాడించకండి. అసలు ఫైలు ఉన్నది ఉన్నట్టే ఉండాలి. దాన్ని పదిమందికి వినిపించాలా వద్దా అన్నది వేరే సంగతి, ఆ నిర్ణయం మాత్రం మీ అమ్మమ్మగారిదే. ఇక ఆ పాటలు అసలైనవే, అందులో నాకేమీ అనుమానం లేదు. బూతు లేని జానపదం అని మనం అనుకుంటున్నది చాలావరకు పుస్తకాల్లోకి, రేడియోలోకి, స్కూల్ వార్షికోత్సవాల్లోకి ఏరి పంపిన భాగం.

నేను టేప్ రికార్డర్ రోజుల నుంచి పాటలు సేకరిస్తున్నవాణ్ణి, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళ పాటలు. ఇన్నేళ్ళు విన్నాక నేను గట్టిగా చెప్పగలిగేది ఇది: మన పాటల్లో బూతు నోటికొచ్చినట్టు వచ్చేది కాదు. ఎవరు, ఎవర్ని, ఏ రోజున, ఎంతసేపు తిట్టొచ్చో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ కట్టుబాటు లోపలే పాట నడుస్తుంది. మనం ఫోన్‌లో వినేటప్పటికి మాట మిగులుతుంది, కట్టుబాటు ఎగిరిపోతుంది, అందుకే మనకి అంత ఇబ్బందిగా ఉంటుంది.

పెళ్ళి పాటలే తీసుకోండి. భోజనాల బంతి దగ్గర ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు మగపెళ్ళివారి మీద పాటలెత్తుకుంటారు. వియ్యంకుడు ఎన్ని గారెలు తిన్నాడు, వియ్యపురాలు ఎవరితో నవ్వింది, పెళ్ళికొడుకు చెల్లెలు ఏ సందులో కనిపించింది, ఇవన్నీ పాటల్లోకి వచ్చేస్తాయి. కొన్ని ఇళ్ళలో దెప్పుడుతో ఆగుతుంది, కొన్ని ఇళ్ళలో రంకు అంటగట్టేదాకా పోతుంది. దాదాపు అన్ని కులాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉండేది, మా ఇళ్ళలో లేదు అనేవాళ్ళ నాయనమ్మల దగ్గర కూడా నేను విన్నాను. కానీ గమనించండి, ఎవరు ఎవర్ని అంటున్నారు? వియ్యపురాలు వియ్యపురాల్ని, వదిన మరదల్ని, మరదలు బావని. అక్క తమ్ముడి మీద బూతు పాట కట్టదు. మామ కోడలి మీద కట్టడు. వరస కుదిరిన చోటే సరసం, వరస కాని చోట అదే మాట అంటే తలకాయలు పగులుతాయి. పెళ్ళిలో పాడించడానికి పిలిచిన పెద్దావిడ ఎత్తుకునేముందు చుట్టూ ఒకసారి చూస్తుంది, బంతిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు ఏమవుతారో. తనకి అన్న వరసయ్యేవాడు ఉంటే ఆ చరణం వదిలేసి ఇంకోటి ఎత్తుకుంటుంది, లేదా పక్కావిణ్ణి అందుకోమని మోచేత్తో పొడుస్తుంది. నేను ఎన్నోసార్లు కళ్ళారా చూసిన సంగతి ఇది. పాట కాగితం మీద రాసుకుంటే ఇదంతా కనపడదు.

సామాజిక శాస్త్రంలో దీనిమీద చాలా పని జరిగింది. ఎ.ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త 1940లో వేళాకోళం చేసుకునే బంధుత్వాల మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గదే. పెళ్ళితో కలిసే రెండు కుటుంబాల మధ్య దగ్గరితనమూ ఉంటుంది, గొడవ పడే అవకాశమూ ఉంటుంది, ఆ రెంటినీ కలిపి నడపడానికి ఒక పద్ధతి ఏమిటంటే తిట్టడానికి అనుమతి ఇచ్చి, తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదని నియమం పెట్టడం. ఆయన ఉదాహరణలు ఎక్కువగా ఆఫ్రికావి, ఉత్తర అమెరికావి, కానీ మన బంతి భోజనాలకి అచ్చంగా సరిపోతాయి. నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. మన పెళ్ళిలో ఆడపిల్ల తండ్రి నోరెత్తలేడు. కట్నం దగ్గర నుంచి కాఫీ వేడి దాకా మగపెళ్ళివారు ఏమన్నా పడాల్సిందే. ఆయన అనలేని మాటలన్నీ ఆయన ఇంటి ఆడవాళ్ళు పాటలో అంటారు, అదీ మగపెళ్ళివారు విస్తరి ముందు నుంచి లేవలేని సమయం చూసి. తిన్నాక అదే ఆడవాళ్ళు తాంబూలం ఇస్తారు, అవతలివాళ్ళు నవ్వుతూ తీసుకుంటారు. మొహం ముడుచుకున్న వియ్యంకుడి గురించి మాత్రం ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

ఇది మన దగ్గరే ఉందనుకోకండి. ఉత్తరాదిలో, ముఖ్యంగా మిథిల, భోజ్‌పురి ప్రాంతాల్లో పెళ్ళి భోజనాల దగ్గర పాడే 'గారీ' పాటలంటే తిట్టు పాటలే. తులసీదాసు రామచరితమానసంలో సీతారాముల పెళ్ళి విందులో కూడా ఆడవాళ్ళు పేరు పేరునా తిట్లు పాడారని ఉంది. రాముడి పెళ్ళిలో ఉన్నది మన పెళ్ళిలో ఉంటే సంస్కారం లేనట్టు ఎందుకవుతుంది?

ఇప్పుడు పాట లోపలికి వస్తే, బూతు ఎక్కడ కూర్చుంటుందో చూడండి. ఎప్పుడూ చరణం చివర, ప్రాస పడే చోట. ఎత్తుకునే మనిషి సగం పాడి వదిలేస్తుంది, మిగతా సగం గుంపు అందుకుంటుంది. అసలు మాట ఒక్క గొంతుతో రాదు, పదిమంది గొంతుల్లో కలిసిపోయి వస్తుంది. ఎవరన్నారు అంటే ఎవరూ అనలేదు. ఇంకా నేర్పైన పద్ధతి ఒకటుంది, బూతు వస్తుందని చెవిని సిద్ధం చేసి, ఆఖరి క్షణంలో తప్పించడం. మీకు అర్థం కావడానికి నమూనాగా నేనే రెండు ముక్కలు కడతాను, ఇది ఎవరి పాటా కాదు:

గంజే లేదని వచ్చింది
గంజికి ఉప్పే అడిగింది
వియ్యపురాలా వియ్యపురాలా
నువ్వొట్టి లం... లంఖణాల రాణివి!

'గంజి' రెండుసార్లు వినేసరికి చెవి ఏ మాట కోసం ఎదురుచూస్తుందో మీకూ తెలుసు, బంతిలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పాడే ఆవిడ 'లం' దగ్గర ఊపిరి పట్టి ఆగుతుంది. బంతి మొత్తం ఆగుతుంది. అప్పుడు ఏ పాపమూ లేని మాట వేస్తుంది. బూతు అనుకున్నది వింటున్నవాళ్ళు, పాడినావిడ అననేలేదు. దాని తర్వాత వచ్చే నవ్వు చూడాలి మీరు. మీ రికార్డింగుల్లో ఇలాంటివి ఏమైనా ఉన్నాయేమో మళ్ళీ వినండి, ఎక్కడైనా పాట మధ్యలో చిన్న ఖాళీ వచ్చిందంటే అక్కడ ఏదో ఉన్నట్టే. ఇలాంటి చోట బీప్ వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అననిదాన్ని అన్నట్టు చేసినవాళ్ళం మనమే అవుతాం.

నాట్ల పాటల్లో కథ వేరు. అక్కడ నడుం వంచి, మోకాలి లోతు బురదలో, పొద్దున్నుంచీ ఒకే పని. పాట పనికి ఊపు ఇస్తుంది, చేతులన్నీ ఒకే వేగంతో కదలాలి. మధ్యాహ్నం దాటాక వంగిన నడుములు పీకేస్తున్నప్పుడు పాట ముదురుతుంది. గట్టు మీద పోయే బావ వరస మగాడు దొరికాడా, వాడి పంచె మీద, వాడి మీసం మీద, వాడి మగతనం మీద పాట. వాడు పదో పరకో ఇచ్చి బయటపడాలి. చుట్టూ మగాళ్ళెవరూ లేనప్పుడు మొగుళ్ళ మీద పాడే పాటలు ఇంకా ఘాటుగా ఉంటాయి, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి 'సచ్చినోడా', 'నీ పాడె గట్ట', 'నీ జిమ్మడ' అని మొదలుపెట్టి ఎక్కడిదాకా పోతాయో రాయలేను. ఇంటికెళ్ళి ఆ మాట అనలేదు ఆ మనిషి. పొలంలో, తోటి ఆడవాళ్ళ మధ్య, పాట ముసుగులో అంటుంది. ఆ పాటలో బూతు తీసేస్తే మిగిలేది పల్లె అందాల మీద సరదా పాట, దెబ్బలు తిన్న మనిషి అందులోంచి మాయమైపోతుంది. నాకు ఈ విషయంలో రాజీ లేదు.

దేవుడి దగ్గర బూతులేమిటి అని మీ పోస్టు కిందే ఒకాయన అడిగారు, దానికీ చెప్తాను. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏడు రోజులు జరుగుతుంది. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా. బండ వేషం, తోటి వేషం కట్టినవాళ్ళు దారి పొడుగునా బూతులు తిడుతూ గుడికి పోతారు, ఎవరూ తప్పు పట్టరు, అది మొక్కులో భాగం. ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాణ్ణి గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి చంపిందని కథ. దాక్కున్నవాణ్ణి రెచ్చగొట్టి బయటికి రప్పించడానికే ఈ తిట్లని ఊళ్ళో చెబుతారు. ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఏళ్ళ తరబడి తిరిగి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు. ఏడు రోజులు అయ్యాక అదే మనిషి అదే వీధిలో అదే మాట అంటే పోలీస్ స్టేషన్‌కి పోతాడు. కేరళలో కొడుంగల్లూర్ భగవతి దగ్గర మీన మాసంలో పాడే భరణి పాటలు ఇంతకంటే పచ్చిగా ఉంటాయి.

మాతంగి సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో అచ్చయిన ఏడు సంపుటాల పుస్తకంలో మాదిగల గురించి రాస్తూ మాతంగి, అంటే దేవత పూనుతుందని నమ్మే మాదిగ స్త్రీ, ఊరేగింపుని వర్ణించాడు. ఆ పూనకంలో ఆమె బ్రాహ్మణుల్నీ రెడ్లనీ పట్టుకుని తిడుతుంది, వాళ్ళ మీద ఉమ్ముతుంది, వాళ్ళు దాన్ని పవిత్రంగా తీసుకుంటారు. అంతకు పదేళ్ళ ముందే ఎమ్మా క్లౌ అనే మిషనరీ రచయిత్రి కూడా దీని గురించి రాసింది. చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఏడాదంతా ఎదురుపడకూడని మనిషి ఆ ఒక్క పూట ఎదురొచ్చి తిడితే అగ్రకులాలవాళ్ళు తలొంచుకుని నిలబడ్డారు. అయితే దీన్ని తిరుగుబాటు అని చప్పట్లు కొట్టి ఊరుకోవడానికి నేను సిద్ధంగా లేను. ఆ ఒక్క పూట అయ్యాక ఆమె బతుకు ఏమిటి? జోగిని, మాతంగి, బసివి అని పేరు ఏదైనా, దేవత పేరు చెప్పి ఆడపిల్లని ఊరికి వదిలేసిన వ్యవస్థ అది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. తిట్టే హక్కు ఇచ్చినవాళ్ళే మిగతా హక్కులన్నీ తీసుకున్నారు. జాతర పాటల్లో తిట్టు గురించి రాసేవాళ్ళు ఈ రెండో సగం వదిలేస్తుంటారు, అది నాకు బాధగా ఉంటుంది.

కాముని పున్నమికి, అంటే హోళీకి, తెలంగాణ పల్లెల్లో పిల్లలు జాజిరి పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. గింజలో డబ్బులో ఇచ్చినవాళ్ళకి దీవెన, తలుపు వేసుకున్నవాళ్ళకి తిట్టు. కాముణ్ణి కాల్చే రాత్రి పెద్దవాళ్ళు కూడా నోరు విప్పుతారు. ఆ ఊరి ఆడవాళ్ళే ఆరు నెలల తర్వాత బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడతారు కదా, అందులో అత్త మీద ఆరళ్ళ పాట ఉంటుంది, ఏడిపించే పాటలుంటాయి, బూతు మాత్రం రాదు. ఊరూ అదే, మనుషులూ వాళ్ళే. సందర్భం వేరు కాబట్టి పాట వేరు. "జానపదులకి మాట మీద అదుపుండదు, అందుకే బూతులు" అనేవాళ్ళు ఈ రెండు పండగలకీ వెళ్ళి రండి.

తిట్టు అంటే శరీర భాగాలే అనుకోవద్దని కూడా చెప్పాలి. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో బండి యాదగిరి కట్టిన నైజాము సర్కారు పాట అందరికీ తెలుసు. అందులో నిజాముని పట్టుకుని గోల్కొండ ఖిల్లా కింద గోరీ కడతామంటూ 'కొడుకో' అని పిలిచాడు. ఇవాళ మనకి అది పెద్ద బూతుగా వినిపించదు. కానీ 'నీ బాంచన్ దొరా, కాల్మొక్త' అని వంగి నిలబడ్డ మనుషులు ఊళ్ళో దొరకే కాదు, ఏకంగా నవాబుకే ఆ పిలుపు పిలిస్తే అప్పట్లో వినేవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ ఒక్క మాట తీసి 'రాజా' అని పెట్టి పాడమంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

మరి ఈ పాటలు పుస్తకాల్లో ఎందుకు లేవు? మనవాళ్ళు చాలా గొప్ప పని చేశారు, అందులో సందేహం లేదు. బిరుదురాజు రామరాజు, హరి ఆదిశేషువు, నేదునూరి గంగాధరం, టేకుమళ్ళ కామేశ్వరరావు లాంటివాళ్ళు తిరిగి తిరిగి సేకరించకపోతే మనకి ఈ మాత్రం కూడా మిగిలేది కాదు. కానీ వాళ్ళ కాలానికి జానపదం సాహిత్యమే అని పండితుల్ని ఒప్పించడమే ఒక పెద్ద యుద్ధం. అలాంటప్పుడు సంకలనంలో బూతు పాట ఎవరు వేస్తారు? శృంగారం దాకా వచ్చి ఆగారు. దానికి తోడు ఇంకో ఇబ్బంది, సేకరించినవాళ్ళు ఎక్కువమంది మగవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. వాళ్ళు కాగితం, పెన్ను పట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఏ ఆడమనిషి ఆ పాటలు పాడుతుంది? పాడినా మంచి పాటలే పాడుతుంది. మైకు ఆపాక, నేను లేచి పక్కకి వెళ్ళాక లోపల్నుంచి పెద్దగా నవ్వులు వినపడి, నేను అడిగితే "మీకు చెప్పేవి కావులెండి బాబూ" అన్న ఇళ్ళు ఎన్నో. ఆ పాటలు నాకు ఆడవాళ్ళు సేకరించి ఇస్తేనే దొరికాయి. మీకు దొరికాయంటే మీరు ఆవిడ మనవరాలు కాబట్టి, వంటింట్లో కూర్చుని విన్నారు కాబట్టి. మీ దగ్గరున్నది ఎంత అరుదైనదో మీకు తెలియడానికే ఇంత చెప్తున్నాను.

అమెరికాలో వాన్స్ రాండోల్ఫ్ అని ఓజార్క్ కొండ ప్రాంతపు పాటలు సేకరించినాయన ఉన్నాడు. ఆయన సంకలనం 1946 నుంచి 1950 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చింది, బూతు పాటలు మాత్రం అందులో లేవు. కానీ ఆయన వాటిని పారేయలేదు, రాతప్రతిగా దాచిపెట్టాడు. నలభై ఏళ్ళు దాటాక, ఆయన పోయాక, 1992లో అవి రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. తన కాలంలో వేయలేనని తెలిసీ ఒక్క మాట మార్చకుండా ఉంచాడు చూశారా, సేకర్త అంటే అలా ఉండాలి. దాచడానికీ, చెరపడానికీ చాలా తేడా ఉంది. మన దగ్గర చెరిపినవే ఎక్కువ.

పైగా తెలుగులో బూతు అంటే ఇంత ఉలికిపాటు మొదట్నుంచీ ఉన్నది కూడా కాదు. సభలో పది నీతులూ, పది బూతులూ, పది శృంగారాలూ చదివినవాడే గొప్పవాడని కవి చౌడప్ప శతకంలోనే ఉంది. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తూ నడుస్తూ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు లాంటి హాస్య పాత్రలు వచ్చి మాట్లాడే మాటలు విన్నవాళ్ళకి తెలుసు, పిల్లాపాపలతో సహా తెల్లవార్లూ కూర్చుని చూసేవాళ్ళు.

ఇంత చెప్పాక, అన్ని తిట్లనీ ఒకే గంపలో వేసి "సంస్కృతి" అనడం మాత్రం నాకు ఇష్టం లేదు. కులం పేరు పెట్టి తిట్టే పాటలున్నాయి. ఒక కులాన్ని మురికి అని, దొంగ అని ఎగతాళి చేసే చరణాలు సామెతల్లాగే పాటల్లోనూ పాతుకుపోయాయి. వియ్యంకుణ్ణి తిట్టినప్పుడు వాడు మరుసటి ఏడు మీ ఇంటి పెళ్ళిలో తిరిగి తిట్టగలడు. కులాన్ని తిట్టినప్పుడు అవతలివాడికి తిరిగి అనే వీలు ఏనాడూ లేదు. అక్కడ ఆట లేదు, అణచివేతే ఉంది. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది: నలుగురూ చూసే చోట ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అట్రాసిటీ నిరోధక చట్టం కిందికి వస్తుంది. అలాగే 'ముండ', 'ముండమోపి' అనే తిట్లు మొగుడు పోయిన ఆడదాని మీద పుట్టినవి, పెళ్ళి పాటలో మామూలుగా దొర్లిపోతాయి, కానీ ఆ బంతి గదిలో ఓ మూల నిజంగా మొగుడు పోయిన మనిషి కూర్చుని ఉంటే ఆవిడకి అది ఎలా తగులుతుంది? మంచి పాటగత్తెలు ఇది కూడా చూసుకుని పాడతారు, అందరూ చూసుకుంటారని మాత్రం అనలేను. ఇలాంటి చరణాలు కూడా రికార్డింగ్‌లో ఉండాలి, తీసేస్తే మన ఊళ్ళు అప్పుడంత మంచిగా ఉండేవని మనవళ్ళు నమ్మేస్తారు. వీడియోగా మాత్రం పెట్టకండి. చదువుకునేవాళ్ళు అడిగితే ఇవ్వండి.

ఇప్పుడు యూట్యూబ్‌లో 'ఫోక్ సాంగ్' అని వస్తున్న డబుల్ మీనింగ్ పాటల్ని చూపించి "మరి అదీ జానపదమేగా" అని కొందరు వాదిస్తారు. ఆ ట్యూన్లు కొన్ని నిజంగా పాతవే. కానీ అందులో తిట్టేది ఎవరు, తిట్టించుకునేది ఎవరు? వరస లేదు, ఎదురు పాడే అవతలి పక్షం లేదు, ముగిసే రోజు లేదు. ఒక అమ్మాయి నడుం మీద ఒక అబ్బాయి పాడతాడు, డీజే బాక్సులో ఊరంతా మోగుతుంది, బస్టాపులో నిలబడ్డ ఆడపిల్ల తల దించుకుంటుంది. పెళ్ళి పాటలో ఆడవాళ్ళు తమ కంటే పైచేయి ఉన్నవాళ్ళని అన్నారు. ఇక్కడ పైచేయి ఉన్నవాడే అంటున్నాడు. రెండూ ఒకటని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

ఇక మీరు చేయాల్సిన పనులు. అసలు ఫైళ్ళు రెండు చోట్ల కాపీ పెట్టుకోండి, వాట్సాప్‌లో పంపి అదే కాపీ అనుకోకండి, ఆడియో నాణ్యత పడిపోతుంది. ప్రతి పాటకీ పక్కన రాసుకోండి: ఎప్పుడు పాడే పాట, ఎవరు ఎవరి మీద పాడేది, ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, గుంపు ఎక్కడ అందుకుంటుంది, ఏ మాట దగ్గర నవ్వుతారు, ఎవరు ఉంటే ఈ పాట పాడరు. ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, దీనికి వచ్చే జవాబులో పాట కంటే ఎక్కువ సమాచారం ఉంటుంది. రాసేటప్పుడు బూతు దగ్గర చుక్కలు పెట్టకండి, మీ నోట్‌బుక్కే కదా. ఆవిడకి తోటి పాటగత్తెలు ఇంకా ఎవరైనా ఉంటే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి పాడించండి, ఒక్కరే పాడినప్పుడు మరిచిపోయిన చరణాలు రెండో మనిషి ఎదురుగా ఉంటే వాటంతట అవే వస్తాయి.

బయట పెట్టే విషయంలో ఆవిడకి యూట్యూబ్ అంటే ఏమిటో ముందు సరిగ్గా చూపించండి. "అందరూ వింటారు" అంటే ఆవిడ చుట్టాలు అనుకుంటారు. ఊళ్ళో కుర్రాళ్ళు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, కింద పిచ్చి కామెంట్లు పెట్టేవాళ్ళు, అందరూ అని చెప్పండి, ఒకటి రెండు కామెంట్లు చదివి వినిపించండి కూడా. ఆ పాట ఆవిడ మీ ముందు పాడింది, లోకం ముందు కాదు. అప్పటికీ సరే అంటే పెట్టండి, మొహం కనపడకుండా, పేరు లేకుండా పెట్టమంటే అలాగే పెట్టండి. వద్దంటే ఆ పాటలు వదిలేసి మిగతావి పెట్టండి. ఇంట్లో మామయ్యలు, పెదనాన్నలు "పరువు పోతుంది, డిలీట్ చెయ్" అంటారు, అది గ్యారెంటీ. వీడియో పెట్టకపోవడానికి ఒప్పుకోండి, ఫైలు డిలీట్ చేయడానికి ఒప్పుకోకండి. ఒకవేళ ఏదైనా మాట తగ్గించి పెట్టాల్సి వస్తే ఆ చరణం మొత్తం తీసేసి, "ఇక్కడ ఒక చరణం తీశాం" అని వివరణలో రాయండి. దాని స్థానంలో ఇంకో మాట పెట్టి పాడించడం మాత్రం వద్దు, పదేళ్ళకి అదే అసలు పాట అయి కూర్చుంటుంది.

కేసులవుతాయేమో అని టెన్షన్ పడుతున్నారు కదా. నేను లాయర్‌ని కాను, తెలిసినంత చెప్తాను. బహిరంగ చోట ఇతరులకి ఇబ్బంది కలిగేలా అశ్లీల పాటలు పాడటం పాత ఐపీసీలో 294వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 296, మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంటర్నెట్‌లో పెట్టేదానికి ఐటీ చట్టం 67వ సెక్షన్ ఉంది, అది ఇంకా గట్టిది, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. శాస్త్రం, సాహిత్యం, కళ, చదువు కోసం ప్రచురించేవాటికి చట్టంలో మినహాయింపులున్నాయి, కానీ అవి మీ ఛానల్‌కి వర్తిస్తాయా లేదా అన్నది మీరు ఎలా పెట్టారన్నదాని మీద ఉంటుంది. పచ్చి బూతున్న చరణాన్ని థంబ్‌నెయిల్ మీద రాసి, "అమ్మమ్మ బూతు పాట వింటే షాక్" అని పెడితే మీ తరఫున మాట్లాడటానికి నేను కూడా రాను. సందర్భం రాసి, వయసు పరిమితి పెట్టి, కామెంట్లు ఆపేసి పెడితే అది వేరు. మరీ పచ్చిగా ఉన్నవాటిని పబ్లిక్‌గా పెట్టకుండా, జానపద విభాగం ఉన్న యూనివర్సిటీకి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, అక్కడ అడగండి. ఇచ్చేటప్పుడు ఎవరు వినొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్న షరతులు కాగితం మీద రాయించుకుని, కింద మీ అమ్మమ్మగారి చేతే సంతకమో వేలిముద్రో వేయించండి.